పాత ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ నుంచే టోరెంట్లు: ఏరియా2 చాలు, అప్‌లోడ్ గొంతు మాత్రం నొక్కకండి

గాజువాక నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ ఏమీ లేకుండా డెబియన్ లినక్స్ వేసుకున్నారు. టెర్మినల్ నుంచే టోరెంట్లు దించుకోవడానికి తేలికైన ప్రోగ్రామ్ ఏది? ఏరియా2 వేసి చూస్తే లినక్స్ డీవీడీ చకచకా వచ్చేసింది గాని, ప్రాజెక్టుకి కావాల్సిన డేటాసెట్ మాత్రం సెకనుకి 300 కేబీ దగ్గర చతికిలబడింది. అప్‌లోడ్‌కి 1కే (సెకనుకి 1 కేబీ) లిమిట్ పెట్టారు, ఎవరో చెబితే 16 కనెక్షన్లు కూడా ఇచ్చారు, అయినా కదలట్లేదు. చివరగా, నేరుగా పెన్‌డ్రైవ్‌లోకే దించేయొచ్చా అని.

ముందు సూటిగా జవాబు. ప్రోగ్రామ్ మార్చక్కర్లేదు, మీ మెషిన్‌కి ఏరియా2 సరిగ్గా సరిపోతుంది. మార్చాల్సింది ఆ 1కే లిమిట్. టోరెంట్ అంటే ఒకే ఫైల్‌ని దించుకునేవాళ్లే ముక్కలుగా ఒకరికొకరు పంచుకునే పద్ధతి, అందులో ఇచ్చేవాడికే ముందు దొరుకుతుంది. మీరు ఇవ్వడం ఆపేశారు కాబట్టి అవతలివాళ్లు కూడా చెయ్యి బిగించారు. 16 కనెక్షన్ల ఆప్షన్‌కీ టోరెంట్‌కీ సంబంధం లేదు, తీసేయండి. పెన్‌డ్రైవ్ సంగతి చివర్లో చెబుతాను, క్లుప్తంగా అయితే వద్దు.

ఒక గమనిక. ఆదేశాలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. ప్యాకేజీ పేరు ఏరియా2, నడిపే ఆదేశం మాత్రం ఏరియా2సీ, చివర్లో ఆ సీ మర్చిపోయి ప్రోగ్రామ్ ఎక్కలేదనుకునేవాళ్లు బోలెడుమంది.

నేను వైజాగ్‌లో రెండు మూడు కాలేజీల కంప్యూటర్ ల్యాబులు చూసుకుంటాను. లినక్స్ ఐఎస్‌వోలు (ఇన్‌స్టాల్ డిస్క్ ప్రతులు), ఆఫ్‌లైన్ వికీపీడియా ప్రతులు, డేటాసెట్లు దించడం నాకు రోజువారీ పని. అందులో చాలాభాగం ఇలాంటి మూల పడేసిన మెషిన్ల మీదే నడుస్తుంది.

ఏరియా2 ఎందుకు

దీన్ని తత్సుహిరో త్సుజికావా సీ++లో రాశారు. హెచ్‌టీటీపీ, ఎఫ్‌టీపీ, టోరెంట్, మెటాలింక్ అన్నీ ఒకే ప్రోగ్రామ్ దించుతుంది. మామూలు డౌన్‌లోడ్‌కి 4 ఎంబీ, టోరెంట్‌కి 9 ఎంబీ మెమరీ సరిపోతుందని దాని రీడ్‌మీలోనే ఉంటుంది. బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ తినే మెమరీ ముందు ఇది లెక్కలోకే రాదు. మీ 2 జీబీ చాలా ఎక్కువ, దీన్ని 512 ఎంబీ మెషిన్ మీద కూడా నడపొచ్చు. కాకపోతే అక్కడ డిస్క్ కాష్‌ని (డిస్క్‌లో రాసేముందు ర్యామ్‌లో దాచుకునే చోటు, డిఫాల్ట్‌గా 16 ఎంబీ) కాస్త తగ్గించుకుంటాను.

వాడటం కూడా తేలికే. ఏరియా2సీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, టోరెంట్ ఫైల్ ఉన్న వెబ్ చిరునామా అతికించండి. ఆ చిన్న ఫైల్‌ని ముందు తెచ్చుకుని, దాంట్లో చూసి అసలు సరుకు దించడం అదే మొదలుపెడుతుంది. టోరెంట్ ఫైల్ బదులు మ్యాగ్నెట్ లింక్ (సరుకు గుర్తు మాత్రమే ఉండే లింక్) అయితే మాత్రం తప్పనిసరిగా సింగిల్ కోట్స్ మధ్య పెట్టండి. మ్యాగ్నెట్ లింక్ మధ్యలో ‘&’ గుర్తులుంటాయి. కోట్స్ లేకపోతే షెల్ (టెర్మినల్‌లో మీ ఆదేశాలు చదివే ప్రోగ్రామ్) ఆ యాంపర్‌శాండ్ గుర్తు దగ్గర లింక్‌ని తెగ్గోసి, ముందు ముక్కని బ్యాక్‌గ్రౌండ్‌లోకి నెట్టేస్తుంది. తెర మీద చదరపు బ్రాకెట్లలో ఒకటి అంకె, పక్కన ఏదో నంబరు కనిపించి, వెంటనే ప్రాంప్ట్ తిరిగొచ్చిందంటే జరిగింది ఇదే. మిగతా ముక్కలోనే ట్రాకర్ల (ఆ ఫైల్ ఎవరెవరు పంచుతున్నారో చెప్పే సర్వర్ల) చిరునామాలు ఉంటాయి కాబట్టి, డౌన్‌లోడ్ మొదలైనట్టే ఉంటుంది, చాలాసార్లు ఎంతసేపు చూసినా ఏమీ రాదు.

మ్యాగ్నెట్‌తో ఇంకో చిక్కు ఉంది. అందులో ఉండేది ప్రధానంగా 40 అక్షరాల హాష్ (సరుకు వేలిముద్ర లాంటి కోడ్) మాత్రమే, ఫైళ్ల జాబితా కూడా పీర్ల (అదే టోరెంట్ పంచుకుంటున్న మిగతావాళ్ల) దగ్గర్నుంచే రావాలి. ఏరియా2ని అప్పుడే కొత్తగా వేసిన మెషిన్‌లో దాని డీహెచ్‌టీ పట్టిక (ట్రాకర్ లేకుండా పీర్లని వెతకడానికి వాడే చిరునామాల జాబితా) ఖాళీగా ఉంటుంది, ఎవర్ని అడగాలో దానికి తెలియదు. ట్రాకర్ లేని మ్యాగ్నెట్ ఇస్తే ఆ ఫైళ్ల జాబితా (మెటాడేటా) దగ్గరే ఆగిపోతుంది. నేను కొత్త మెషిన్‌లో ముందు డెబియన్ టోరెంట్ ఒకటి కాసేపు నడుపుతాను. దానికి ప్రపంచమంతా సీడర్లు (పూర్తి ఫైల్ ఉండి పంచేవాళ్లు) ఉంటారు కాబట్టి పట్టిక నిండుతుంది, ఆ తర్వాత మ్యాగ్నెట్లు కూడా దారిలో పడతాయి. మీరు లినక్స్ డీవీడీ ముందే దించారు కాబట్టి మీకు ఈ ఇబ్బంది వచ్చి ఉండదు.

మీరు పెట్టిన ఆ ఒక్క లైను

మీ ప్రశ్న కింద టెర్మినల్ లైను ఒకటి అతికించారు, మంచి పని చేశారు. కథంతా అందులోనే ఉంది. తెలుగులో ఇలా చదవాలి: సీఎన్ 38, ఎస్‌డీ 3, డీఎల్ (డౌన్‌లోడ్) 310 కేఐబీ, యూఎల్ (అప్‌లోడ్) 1.0 కేఐబీ, పక్కన బ్రాకెట్లో 9.8 ఎంఐబీ. ఇవి ఇంచుమించు కేబీ, ఎంబీలే.

సీఎన్ అంటే మీకు తగులుకున్న పీర్ల మొత్తం. ఎస్‌డీ అంటే వాళ్లలో పూర్తి ఫైల్ ఉన్న సీడర్లు. అంటే 38 మందిలో ముగ్గురే సీడర్లు, మిగతా 35 మంది మీలాగే సగంలో ఉన్నవాళ్లు. బ్రాకెట్లోని 9.8 మీరు ఇప్పటిదాకా ఇచ్చిన మొత్తం. సెకనుకి 1 కేబీ చొప్పున అంత ఇవ్వడానికి దాదాపు మూడు గంటలు పట్టి ఉంటుంది. అదే వేగంలో ఆ మూడు గంటల్లో మీరు తెచ్చుకున్నది ఇంచుమించు 3 జీబీ. 3 జీబీ తీసుకుని 10 ఎంబీ కూడా ఇవ్వని మనిషికి ఎవరు పెడతారు?

ఇది ఎవరి మంచితనానికో వదిలేసిన విషయం కాదు, ప్రోటోకాల్‌లోనే ఉంది. బ్రామ్ కోహెన్ 2001లో బిట్‌టోరెంట్‌ని తయారు చేసినప్పుడే ఇచ్చిపుచ్చుకోవడాన్ని లెక్కగా పెట్టారు. ప్రతి క్లయింటూ (అంటే ప్రతి పీర్ దగ్గరున్న టోరెంట్ ప్రోగ్రామ్) 10 సెకన్లకి ఒకసారి చూసుకుంటుంది: తనకి ఎవరు ఎక్కువ పంపుతున్నారు అని. పైన ఉన్న కొద్దిమందికే పంపుతుంది, మిగతావాళ్లకి తలుపు మూసేస్తుంది. కొత్తవాళ్లకి అసలు అవకాశమే లేకుండా పోకూడదు కాబట్టి 30 సెకన్లకి ఒకసారి ఎవరో ఒకరికి లాటరీలాగా తలుపు తీస్తుంది. సెకనుకి 1 కేబీ పంపే మీరు ఆ 35 మంది జాబితాల్లో ఎప్పుడూ అట్టడుగునే ఉంటారు. మీకు వస్తున్న 300 కేబీ ఎక్కడిదంటే, ఆ ముగ్గురు సీడర్లు వేస్తున్న వాటా, అప్పుడప్పుడు తగిలే లాటరీ.

మరి లినక్స్ డీవీడీ అదే సెట్టింగుతో ఎలా పరుగెత్తింది? అక్కడ తగులుకున్నవాళ్లలో అత్యధికులు సీడర్లు. సీడర్‌కి మీ దగ్గర్నుంచి కావాల్సింది ఏమీ లేదు కాబట్టి మీరేం ఇచ్చారని చూడదు. అందుకే ‘అప్‌లోడ్ తగ్గిస్తే డౌన్‌లోడ్ పెరుగుతుంది’ అనే సలహా కొన్ని టోరెంట్ల మీద నిజమైనట్టే కనిపిస్తుంది. సీడర్లు తక్కువగా ఉన్న సరుకు దగ్గరికొచ్చేసరికి బండారం బయటపడుతుంది.

అలాగని అప్‌లోడ్‌ని పూర్తిగా వదిలేయమని కూడా అనను. లోకల్ కేబుల్ ఆపరేటర్ లైన్లలో డౌన్‌లోడ్ 50 ఎంబీపీఎస్ అని చెప్పినా, అప్‌లోడ్ అందులో అయిదో వంతే ఉండొచ్చు. ఆ సన్నటి దారి నిండిపోతే, మీరు దించుకుంటున్న దానికి పంపాల్సిన రసీదు ప్యాకెట్లు కూడా క్యూలో నిలబడతాయి, డౌన్‌లోడ్ పడిపోతుంది. ఇంట్లో వీడియో కాల్ మాట్లాడుతున్నవాళ్ల తిట్లు అదనం. అసలు అప్‌లోడ్ వేగం ఎంతో స్పీడ్ టెస్ట్‌లో చూసుకుని, దాంట్లో ముప్పావు వంతు నుంచి 80 శాతం దాకా లిమిట్ పెట్టండి. మీది 10 ఎంబీపీఎస్ అనుకుంటే 8తో భాగించి 1.25 ఎంబీ, అందులో 80 శాతం అంటే 1 ఎంబీ. కాబట్టి --మ్యాక్స్-ఓవరాల్-అప్‌లోడ్-లిమిట్=1ఎం.

ఇక్కడ రెండు గోతులున్నాయి. ఈ లిమిట్‌లో కే, ఎం అంటే బైట్లు, మీ ఇంటర్నెట్ ప్లాన్‌లోని ఎంబీపీఎస్ బిట్లు. 50 ఎంబీపీఎస్ లైను మీద ఎంత కష్టపడ్డా 6.25 ఎంబీ దాటదు, అది వస్తుంటే మీ లైను పూర్తిగా వాడుకున్నట్టే. రెండోది, ఏరియా2లో లిమిట్ సున్నా అంటే అప్‌లోడ్ బంద్ అని కాదు, హద్దు లేదని. ట్రాన్స్‌మిషన్ అనే ఇంకో టోరెంట్ ప్రోగ్రామ్‌లో లిమిట్ ఆన్ చేసి సున్నా పెడితే నిజంగానే అప్‌లోడ్ ఆగిపోతుంది. ఒకదాని సలహా ఇంకోదానికి అతికిస్తే తలకిందులవుతుంది.

16 కనెక్షన్ల సంగతి: ఆ మైనస్ ఎక్స్ ఆప్షన్ ఒక హెచ్‌టీటీపీ సర్వర్‌కి ఎన్ని కనెక్షన్లు వేయాలో చెబుతుంది. డిఫాల్ట్ 1, గరిష్ఠం 16. వెబ్‌సైట్ నుంచి ఫైల్ దించేటప్పుడు పనికొస్తుంది, పీర్ల లెక్కకి దాంతో పనిలేదు. పీర్ల గరిష్ఠం వేరే ఆప్షన్, --బీటీ-మ్యాక్స్-పీర్స్, డిఫాల్ట్ 55. దాని పక్కనే --బీటీ-రిక్వెస్ట్-పీర్-స్పీడ్-లిమిట్ అని ఇంకోటుంది. మొత్తం వేగం దానికన్నా తక్కువుంటే ఏరియా2 కొత్త పీర్ల కోసం గట్టిగా వెతుకుతుంది. డిఫాల్ట్ 50కే. మీకు 300 వస్తోంది కాబట్టి ‘ఫర్వాలేదులే’ అనుకుని అది ఊరుకుంటోంది. దాన్ని 2ఎం చేయండి, మీ పరిస్థితిలో తేడా కనిపిస్తుంది.

పీర్ల సంఖ్యని మాత్రం వందల్లోకి తీసుకెళ్లకండి. ఎంవీపీ కాలనీలో తెలిసినవాళ్ల ఇంట్లో రోజూ రాత్రి నెట్ పోతోందని పిలిస్తే వెళ్లాను. ఆపరేటర్ ఇచ్చిన చవక రౌటర్, లోపల గదిలో కుర్రాడి టోరెంట్, పీర్లకి హద్దు లేదు. రౌటర్‌లో కనెక్షన్లు గుర్తుపెట్టుకునే పట్టిక నిండిపోయి, కొత్తగా ఏ ఫోన్‌లో ఏ పేజీ తెరిచినా రావట్లేదు. పీర్లని మళ్లీ డిఫాల్ట్‌కి తెస్తే సర్దుకుంది. రౌటర్ మార్చాల్సిన పని పడలేదు.

పోర్ట్, సీజీనాట్

అప్‌లోడ్ సరిచేశాక కూడా పీర్లు తక్కువే తగులుతుంటే, రెండో అనుమానం ఇది. మన ఇళ్లకొచ్చే కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ (బయటివాళ్లు నేరుగా చేరగల చిరునామా) ఉండదు, ఆపరేటర్ ఒకే ఐపీని ఎంతోమందికి పంచుతాడు. దీన్నే సీజీనాట్ అంటారు. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ఆపరేటర్ మీ రౌటర్‌కి ఇచ్చిన చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే సీజీనాటే, ఆ బ్లాకుని 2012లో దీనికోసమే కేటాయించారు. 10తో మొదలైనా అంతే. బయటి నుంచి మీ దగ్గరికి ఎవరూ రాలేరు, మీరే వెళ్లి తలుపు కొట్టాలి.

సీజీనాట్ ఉంటే టోరెంట్ ఆగిపోతుందని కాదు. పోర్ట్ (బయటివాళ్లు లోపలికొచ్చే తలుపు నంబరు) తెరిచి ఉన్న పీర్లతో మీరు కలవగలరు. కాని మీలాగే తలుపు మూసుకున్న ఇంకో పీర్‌తో కలవలేరు. సీడర్లు వందల్లో ఉంటే ఆ తేడా తెలియదు, ముగ్గురే ఉన్నప్పుడు ఒకరు తగ్గినా తెలుస్తుంది. రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ ఎంత చేసినా సీజీనాట్ ముందు పనిచేయదు, అక్కడ గంటలు తగలేయకండి. పబ్లిక్ ఐపీ కావాలంటే ఆపరేటర్‌ని అడగాలి, కొందరు నెలకి కొంత తీసుకుని ఇస్తారు. ఒక్క డేటాసెట్ కోసం అయితే నేను ఆ ఖర్చు పెట్టను.

సీజీనాట్ లేకపోతే మాత్రం పోర్ట్ తెరవండి. ఏరియా2 డిఫాల్ట్‌గా 6881 నుంచి 6999 మధ్య ఏదో ఒకటి పట్టుకుంటుంది, అంత వెడల్పు రౌటర్‌లో తెరవడం దండగ. --లిసన్-పోర్ట్, --డీహెచ్‌టీ-లిసన్-పోర్ట్ రెండింటికీ 50 వేల పైచిలుకు ఒకే నంబరు ఇచ్చి, రౌటర్‌లో దాన్నొక్కదాన్నే ల్యాప్‌టాప్‌కి మళ్లించండి, టీసీపీ, యూడీపీ రెండూ. రౌటర్‌తో మాట్లాడి పోర్ట్ దానంతటదే తెరుచుకునే యూపీఎన్‌పీ ఏరియా2లో లేదు. మిగతా నెట్ వాడకానికి అడ్డు రాకుండా తగ్గే టోరెంట్ రవాణా పద్ధతి యూటీపీ కూడా లేదు. దీని లోపాలంటూ చెప్పాలంటే నా దృష్టిలో ఈ రెండే పెద్దవి. అవి కావాలంటే ట్రాన్స్‌మిషన్‌కి వెళ్లాలి.

వంద శాతం అయ్యాక కూడా ప్రాంప్ట్ రాకపోతే

ఇది హ్యాంగ్ కాదు. ఏరియా2 డిఫాల్ట్‌గా సీడ్ రేషియో 1.0 దాకా ఆగుతుంది, అంటే ఎంత తీసుకున్నారో అంత తిరిగిచ్చేదాకా. లైనులో సీడ్ అని కనిపిస్తుంది. వెంటనే బయటికి రావాలంటే --సీడ్-టైమ్=0 ఇవ్వొచ్చు. లినక్స్ ఐఎస్‌వోలకి నేనూ అది వాడతాను, అక్కడ మన సాయం ఎవరికీ అవసరం లేదు. మీ డేటాసెట్ లాంటివాటికి మాత్రం ముగ్గురు సీడర్లున్న చోట నాలుగోవారు కావడానికి ఒక రాత్రి వదిలేయండి. నెలవారీ డేటా హద్దు ఉన్న ప్లాన్ అయితే అప్‌లోడ్ కూడా అందులోనే కలుస్తుందని గుర్తుంచుకోండి.

ఆపాలంటే కంట్రోల్-సీ ఒక్కసారి కొట్టి ఆగండి. ట్రాకర్‌కి వెళ్తున్నానని చెప్పి, స్థితి భద్రపరిచి బయటికొస్తుంది. అసహనంతో రెండోసారి కొడితే అవేమీ పూర్తికాకుండా వచ్చేస్తుంది. మళ్లీ మొదలుపెట్టాలంటే అదే ఫోల్డర్‌లో అదే ఆదేశం. ఫైల్ పక్కనే డాట్ ఏరియా2 అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒక చిన్న ఫైల్ కనిపిస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో అందులోనే ఉంటుంది, చెత్త అనుకుని తుడిచేయకండి. ఎవరైనా తుడిచేసినా దారి ఉంది: --చెక్-ఇంటెగ్రిటీ=ట్రూ ఇస్తే, ఉన్న డేటాని ముక్కముక్కగా హాష్‌తో పోల్చి, బాగున్నవి ఉంచుకుని లేనివే తెచ్చుకుంటుంది. పాత హార్డ్ డిస్క్ మీద పెద్ద ఫైల్‌కి కాస్త టైమ్ పడుతుంది, అంతే.

ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోవడం మనకి కొత్త కాదు. ఏరియా2 ఆ చిన్న ఫైల్‌ని నిమిషానికి ఒకసారి రాసుకుంటుంది, కాబట్టి ఉన్నట్టుండి ఆగినా పోయేది చాలా కొంచెం. అలాంటి కోత తర్వాత నేను ఒకసారి చెక్-ఇంటెగ్రిటీతో మొదలుపెడతాను. మీ ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ బతికుంటే ఇంకా హాయి, అప్పుడు పోయేది రౌటర్ ఒక్కటే. నెట్ తిరిగొచ్చాక ఏరియా2 దానంతటదే పీర్లని పట్టుకుంటుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి టెర్మినల్‌లోకి వెళ్లే పద్ధతి) ఇంకో గది నుంచి నడుపుతుంటే టీమక్స్ (కనెక్షన్ తెగినా పని నడిపించే ప్రోగ్రామ్) లోపల మొదలుపెట్టండి. లేకపోతే మీ ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో సెషన్ తెగగానే డౌన్‌లోడ్ కూడా చచ్చిపోతుంది.

ట్రాన్స్‌మిషన్, ఆర్‌టోరెంట్ ఎప్పుడు

ఒక పని ఇచ్చి, అయ్యాక మర్చిపోవడానికి ఏరియా2. ల్యాప్‌టాప్‌ని మూలన పెట్టి నెలల తరబడి అదే పనిలో ఉంచాలంటే ట్రాన్స్‌మిషన్-డెమన్. ఇది సర్వీసుగా నడుస్తుంది, మెషిన్ రీస్టార్ట్ అయినా దానంతటదే లేస్తుంది, ట్రాన్స్‌మిషన్-రిమోట్ అనే ఆదేశంతో టోరెంట్ ఎక్కించొచ్చు, జాబితా చూడొచ్చు, ఆపొచ్చు. పగలు తక్కువ వేగం, రాత్రి పూర్తి వేగం అని టైమ్ పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్ ఫైల్‌లో ఆ టైమ్‌ని అర్ధరాత్రి నుంచి నిమిషాల్లో రాయాలి, ఉదయం ఆరంటే 360.

దీంతో అందరూ పడే తిప్పలు రెండు. సర్వీసు నడుస్తుండగా సెట్టింగ్స్ ఫైల్ మారిస్తే, అది ఆగేటప్పుడు తన పాత సెట్టింగులే మళ్లీ రాసేసి మీ మార్పులు తుడిచేస్తుంది. ముందు సర్వీసు ఆపి, తర్వాత ఫైల్ మార్చి, మళ్లీ మొదలుపెట్టాలి. ఇంకోటి, డెబియన్‌లో అది డెబియన్-ట్రాన్స్‌మిషన్ అనే వేరే యూజర్ పేరు మీద నడుస్తుంది. మీ హోమ్ ఫోల్డర్‌లోకి దించమంటే రాసే హక్కు లేక ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. హోమ్ బయట దించడానికి వేరే ఫోల్డర్ పెట్టి, దాన్ని ఆ యూజర్‌కి ఇస్తే సరి.

ఆర్‌టోరెంట్ కూడా మంచిదే. టెర్మినల్‌లోనే జాబితా కళ్లముందు కదులుతుంది, బయటికి రావడానికి కంట్రోల్-క్యూ. వందల టోరెంట్లు సీడ్ చేసేవాళ్లకి అది ప్రాణం. మీకు అంత అవసరం లేదు.

ఏది వాడినా, దాని రిమోట్ పోర్ట్‌ని (ఏరియా2కి 6800, ట్రాన్స్‌మిషన్‌కి 9091) రౌటర్‌లో బయటికి తెరవొద్దు. ఇంట్లోంచి మాత్రమే వాడుకోండి, పాస్‌వర్డ్ పెట్టుకోండి. ఆ తలుపు తెరిచి ఉంటే మీ డిస్క్‌లోకి ఎవరైనా ఏదైనా దించేయగలరు.

ల్యాబ్‌లో వాడే చిట్కా

ప్రశ్నలో లేదు గాని, కాలేజీలో ఇదే పని పడేవాళ్ల కోసం చెబుతున్నాను. మద్దిలపాలెం వైపు ఒక కాలేజీ ల్యాబ్‌లో వరస మెషిన్లన్నిటికీ ఒకే ఐఎస్‌వో కావాల్సొచ్చింది. అక్కడి లైను అంతంత మాత్రం. అన్నిట్లోనూ ఏరియా2 వేసి --బీటీ-ఎనేబుల్-ఎల్‌పీడీ=ట్రూ ఇచ్చాం. ఇది డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న మెషిన్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టి, బయటి నుంచి ఒకరికి వచ్చిన ముక్కని లోపలే పంచుకుంటాయి. టోరెంట్ అరుదైన ముక్కల్ని ముందు అడుగుతుంది కాబట్టి ఒక్కో మెషిన్ ఒక్కో ముక్క పట్టుకొచ్చి, తర్వాత స్విచ్ మీదుగా గిగాబిట్ వేగంతో మార్చుకున్నాయి. బయటి లైను మీద భారం ఇంచుమించు ఒక్క కాపీకి పడినంతే. వైఫై మీద ఇది పనిచేయకపోవచ్చు, చాలా యాక్సెస్ పాయింట్లు క్లయింట్లని ఒకదానికొకటి కనపడనివ్వవు. కేబుల్ వాడండి, ముందు సిస్టమ్ అడ్మిన్‌కి చెప్పండి.

ఏం దించుతున్నారన్నది

ఇన్‌బాక్స్‌లో కొత్త సినిమాల గురించి అడిగినవాళ్లకి కూడా ఇదే సమాధానం. టోరెంట్ వాడటం తప్పు కాదు. డెబియన్, ఉబుంటు, లిబ్రే ఆఫీస్, కివిక్స్ వారి ఆఫ్‌లైన్ వికీపీడియా అన్నీ అధికారికంగా టోరెంట్ ఇస్తాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న పాత తెలుగు పుస్తకాల స్కాన్లకి కూడా పేజీలోనే టోరెంట్ లింక్ ఉంటుంది. సీడర్లు ఎవరూ లేకపోయినా వాళ్ల సర్వరే సీడర్‌లా పంపుతుంది. కాని హక్కులున్న సినిమా దించితే మీరు దించుకోవడమే కాదు, అదే క్షణంలో ఇతరులకి పంచుతున్నారు కూడా, అదీ మీ ఐపీ అందరికీ కనపడేలా. కాపీరైట్ చట్టం, 1957లోని 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. దానికి సెట్టింగులు నేను చెప్పను.

హాష్ సరిపోయింది కాబట్టి ఫైల్ నమ్మదగ్గదే అనుకోవద్దు. ప్రతి ముక్కనీ హాష్‌తో సరిచూస్తుంది నిజమే, కాని అది ఆ టోరెంట్ తయారుచేసినవాడు పెట్టిన సరుకేనని మాత్రమే చెబుతుంది. ఐఎస్‌వో అయితే అసలు సైట్‌లో ఇచ్చిన చెక్‌సమ్‌తో విడిగా పోల్చండి.

ఇక పెన్‌డ్రైవ్

నేరుగా దించొద్దు. టోరెంట్ ముక్కలు వరసలో రావు, ఎక్కడెక్కడివో వచ్చి ఫైల్‌లో ఎక్కడెక్కడో రాయాలి. చవక పెన్‌డ్రైవ్‌లు ఈ పనిలో నత్తనడక నడుస్తాయి. డీఎల్ కాసేపు పైకి లేచి, సున్నాకి పడి, మళ్లీ లేస్తుంటే అది నెట్ కాదు, డ్రైవ్ ఊపిరి తీసుకోవడం. పైగా కొన్నప్పుడు ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉండే డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ పట్టదు, మీ డేటాసెట్ అక్కడే ఆగిపోతుంది. దానికితోడు ఏరియా2 డిఫాల్ట్‌గా మొత్తం ఫైల్‌కి చోటు ముందే రాసి పెట్టుకుంటుంది, పెన్‌డ్రైవ్ మీద ఆ ఒక్క పనికే చాలాసేపు పడుతుంది, ఒక్క బైటూ దిగదు.

ల్యాప్‌టాప్ లోపలి డిస్క్‌లోకి దించండి. అది ఎక్స్‌టీ4 (లినక్స్ మామూలుగా వాడే డిస్క్ ఫార్మాట్) అయితే --ఫైల్-అలొకేషన్=ఫాలాక్ పెట్టండి, చోటు కేటాయింపు క్షణంలో అయిపోతుంది. లోపల చోటే లేక పెన్‌డ్రైవ్ తప్పదంటే, దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసి, --ఫైల్-అలొకేషన్=నన్, --డిస్క్-కాష్=64ఎం ఇచ్చి నడపండి. మీ 2 జీబీ ర్యామ్‌కి 64 ఎంబీ భారం కాదు.

అంతా దిగాక కాపీ చేసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. టెర్మినల్‌లో కాపీ ఆదేశం ముగిసి ప్రాంప్ట్ వచ్చినా డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. సింక్ అని కొట్టి, ప్రాంప్ట్ మళ్లీ వచ్చేదాకా ఆగి, అన్‌మౌంట్ చేశాకే డ్రైవ్ లాగండి.